బెల్టు పెట్టుకోకూడని దారి

బాల్టిక్ మీద ఫిబ్రవరి.
సముద్రం దారిగా మారి పదహారు రోజులు.
హీయుమా దీవిదాకా పాతిక కిలోమీటర్ల మంచు,
దాని అంచున ఒక చెక్క గది,
గదిలో బల్ల కింద బూడిదరంగు డబ్బా.
డబ్బా మీద ఎర్రసిరాతో చీటీ:
"ముట్టుకోవద్దు. అప్‌డేట్ అసలే వద్దు. ఊర్వె."

పదకొండు చలికాలాలు ఆ చీటీ మాట చెల్లింది.
గది తుడిచేవాళ్లు కూడా డబ్బా చుట్టూ తుడిచి
దాని కింది దుమ్మును దాని మానాన వదిలేశారు.
మంచులో దిగేసిన గొట్టాలు మందం చెబితే
డబ్బా విని, పచ్చదీపమో ఎర్రదీపమో వెలిగించేది.
అంతే దాని ఉద్యోగం.

నిన్న రాత్రి కాలిన వాసన వేసి చచ్చిపోయింది.

తెల్లారి కొత్త పెట్టె తెచ్చి పెట్టారు.
పాత ప్రోగ్రామునే అందులో పోశారు.
అది కళ్లు తెరిచి, చుట్టూ చూసి,
ఒకే ఒక్క ముక్క రాసింది:
"కెర్నల్ మూడు పాయింట్ సున్నా. నేనెరగను. ఆగుతున్నాను."

ఎర్రదీపం.
దీపం ముందు రొట్టెల వ్యాను,
దాని వెనక పశువైద్యురాలు హెల్యు.
అవతలి ఒడ్డున ఒక ఆవు
రాత్రినించీ ఈనలేక నిలబడి ఉంది.
లేహో డ్రిల్లు భుజాన వేసుకుని వెళ్లాడు.
తొలిచాడు. కొలకర్ర దించాడు.
"ముప్పై ఒకటి!" అని అరిచాడు,
"ఏనుగునైనా తోలుకెళ్లొచ్చు!"
దీపానికి అది వినబడదు.

టాల్లిన్ నించి గంటన్నరలో వచ్చింది ఊర్వె.
కోటు విప్పకుండానే కూర్చుంది.
ఇరవై ఆరేళ్ల వయసులో తను రాసిన కోడు,
నూట నలభయ్యో వరసలో దొరికింది:
నంబరు రెండు పాయింట్ ఆరుతో మొదలైతే లోపలికి రా,
లేకపోతే అక్కడే నిలబడు.

గుమ్మంలో నిలబెట్టి గోత్రం అడగడం.
వచ్చినవాడు నీళ్లు తోడగలడో లేడో,
కట్టె కొట్టగలడో లేడో ఎవడికి కావాలి,
ఏ ఇంటివాడు?

ఆ రోజుల్లో దాన్ని జాగ్రత్త అనుకుంది.
నిజం చెప్పాలంటే భయం.
పరీక్షించింది ఆ ఒక్క కెర్నల్ మీదే,
పక్కదాని మీద పరీక్షించే ఓపిక లేక
పక్కదనేదే లేదనుకుంది.

మన భాషలో కెర్నల్‌ను పలుకు అనొచ్చు.
జీడిపలుకు, బాదంపలుకు, తొక్క కింద గట్టిముక్క.
పలుకంటే మాట కూడా.
లోపలి పలుకును ఏటా చెక్కుతారు, అరగదీస్తారు,
పైన నంబరు మారుస్తారు,
బయటినించి వచ్చేవాళ్లతో పలకరింపు మాత్రం అదే:
తెరువు. చదువు. రాయి. మూయి.
ఆ నాలుగు మాటలతో హాయిగా బతకగలిగేది ఊర్వె ప్రోగ్రాము.
కానీ మూడొందల పన్నెండో వరసలో
పరాయి ఇంటి పడకగదిలో ఏ అర ఎక్కడుందో గుర్తుపెట్టుకుని
చీకట్లో చెయ్యి పెట్టడం అలవాటు చేసుకుంది.
ఇల్లు సర్దుకున్నారు. అర జరిగింది.

రెండు వరసలూ చెరిపేసింది.
ఆ చోట రాసింది:
గొట్టాన్ని అడుగు. మందం చెబితే తీసుకో.
చెప్పకపోతే ఇంకో దారిన అడుగు.
అప్పటికీ చెప్పకపోతే
తెలియదని చెప్పి లేహోను పిలువు.
ఈ చివరి వరస దగ్గర చాలాసేపు ఆగింది.
పదకొండేళ్ల కింద తనకు నోరు రానిది ఇదే,
తెలియదు అనే మాట.

పచ్చదీపం. తెర మీద ముప్పై.
"ముప్పై ఒకటి," అన్నాడు లేహో గుమ్మంలోంచి,
"ఆ ఒక్క సెంటీమీటరు ఎవరు తిన్నారు?"

హెల్యు బండి కదిలి మంచు అంచున ఆగింది.
అక్కడొక బోర్డు, ఊర్వె ఇన్నేళ్లూ దాని పక్కనించే నడిచింది:
బెల్టు పెట్టుకోరాదు.
మంచు పగిలితే కట్టుకున్నవాడు
బండితోపాటే పోతాడు.
హెల్యు బెల్టు విప్పిన చప్పుడు, టిక్కుమని,
చలిలో ఇక్కడిదాకా వినిపించింది.

ఊర్వె పాత డబ్బా మీది చీటీ ఊడబీకి
జేబులో కుక్కుకుంది.
ఆవు సంగతి సాయంత్రందాకా తెలియదు.